పాలకొల్లు ఫిజియోథెరపీ సెంటర్: మా ఆవిడ కాలిని గంటసేపు చూశారు

కిందటి కార్తీకమాసం రెండో సోమవారం తెల్లవారుజామున నరసాపురం వలంధర రేవులో దీపాలు వదలడానికి వెళ్లాం. మెట్లు దిగుతుంటే మా ఆవిడ కుడికాలి హవాయి చెప్పు జారి గోదాట్లోకి పోయింది. తడి మెట్లు కదా, జారదా అనుకున్నాం. ఇంటికొచ్చి గుమ్మం దాటుతుంటే అదే కాలు తట్టుకుని పడబోయింది. మధ్యాహ్నానికి చూస్తే మడమ నేల మీద ఆనించి ముందుపాదం పైకెత్తమంటే ఎత్తలేకపోతోంది. నొప్పి లేదు, వాపు లేదు. పాదం పైభాగం మాత్రం మొద్దుబారినట్టుందండీ అంది.

పక్షవాతమేమోనని ఆ రాత్రంతా నిద్రపోలేదు తను. మూతి వంకర పోలేదు, మాట తడబడలేదు, చెయ్యి బాగానే లేస్తోంది. అలాంటివేవైనా కాలితో పాటు ఉంటే ఒక్క నిమిషం ఆగకుండా పెద్దాసుపత్రికి వెళ్లాలని మా అబ్బాయి ఫోన్లో చెప్పాడు. అవేవీ లేవు కాబట్టి పొద్దున్నే దగ్గర్లో ఒక చోటికి తీసుకెళ్లాను.

ఆ చోటి పేరు రాయను. నడుముకి ఎక్స్‌రే తీయించారు. వెన్నులో ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ (నడుములో నాలుగో పూస, అయిదో పూస) మధ్య సందు తగ్గింది, పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ నరాన్ని నొక్కుతోంది, అందుకే పాదం పడిపోయింది అన్నారు. యాభై ఎనిమిదేళ్ల మనిషికి ఎక్స్‌రే తీస్తే సందు తగ్గినట్టు కనపడటం మామూలేనని నాకు తర్వాత తెలిసింది. పన్నెండు రోజులు నడుముకి కరెంటు పెట్టి, నడుము లాగే మిషన్ మీద పడుకోబెట్టారు. రోజుకి 250 రూపాయలు. ఆ పన్నెండు రోజుల్లో ఒక్కరోజు కూడా మా ఆవిడని "అమ్మా, నాలుగడుగులు నడిచి చూపించండి" అని అడిగినవాళ్లు లేరు. పడిపోయింది పాదం. ఆ పాదాన్ని ముట్టుకున్నవాళ్లే లేరు. డబ్బు పోయినందుకు కాదు, ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు రగులుతుంది.

నేను నరసాపురం ఆర్టీసీ డిపో గ్యారేజీలో 31 ఏళ్లు మెకానిక్‌గా చేసి రిటైరయ్యాను. స్టీరింగు ఒక పక్కకి లాగుతోందని డ్రైవరు లాగ్‌షీట్లో రాస్తే మేం ముందు పానా పట్టుకోం. బండి కదిలించి చూస్తాం, టైరు ఏ అంచున అరిగిందో చూస్తాం, ఏం శబ్దం వస్తోందో వింటాం. ఇనప బండికే అంత చూస్తే మనిషికి ఎంత చూడాలి?

పాలకొల్లులో ఈ సెంటర్ ఉందని చెప్పింది మా డిపోలోనే డ్రైవరుగా చేసినాయన. మోకాలి ఆపరేషన్ తర్వాత ఆయనకి ఇక్కడే నడక వచ్చింది. డిసెంబరు రెండో వారంలో వెళ్లాం. ఫోన్ చేసినప్పుడే చెప్పారు: మొదటిసారి గంట పైనే పడుతుంది, రోజూ వేసుకునే చెప్పులతోనే రండి, మోకాలి పైదాకా మడతపెట్టుకోగలిగే బట్టలు తెచ్చుకోండి, వాడే మందుల చీటీలన్నీ పట్టుకురండి అని. చెప్పుల సంగతి ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

చూసిన ఫిజియోథెరపిస్టుకి ముప్ఫై ఏళ్లుంటాయేమో. మమ్మల్ని "అమ్మా", "బాబాయిగారూ" అంటుంది. మేం మేడమ్ అనేవాళ్లం. కూర్చోబెట్టి ముందు ఇరవై నిమిషాలు మాటలే. ఎప్పటినుంచి, ఒక్కసారిగా వచ్చిందా మెల్లగా వచ్చిందా, దగ్గితే తుమ్మితే కాల్లోకి జివ్వుమంటుందా, ఒంటికి రెంటికి ఇబ్బందేమైనా ఉందా, షుగర్ ఉందా, ఈమధ్య జ్వరాలేమైనా వచ్చాయా, బరువు తగ్గారా. బరువు మాట అడగ్గానే మా ఆవిడ "ఆయ్, తగ్గానండి, భాద్రపదంలో టైఫాయిడ్ వచ్చి తొమ్మిది కేజీలు పోయాను" అంది. మేడమ్ అది రాసుకుని కింద గీత గీసింది. నేను గమనించాను.

తర్వాత నడిపించింది. హాల్లో గచ్చు మీద పసుపు టేపు అంటించి ఉంది. చెప్పులతో రెండుసార్లు, ఉత్తికాళ్లతో నాలుగుసార్లు. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి చూసింది. ఒకసారి తనే కళ్లు మూసుకుని "ఊ, నడవండమ్మా" అంది. నేనూ విన్నాను. ఎడమకాలు పడితే మడమ మెత్తగా ఆని, తర్వాత మునివేళ్లు. కుడికాలు పడితే "టప్". పాదం మొత్తం ఒక్కసారే అరచెయ్యి కొట్టినట్టు పడుతోంది. నెలరోజులుగా మా ఇంట్లో ఆ శబ్దం వస్తూనే ఉంది, నా చెవిన పడలేదు. ఆ తర్వాత ఫోన్‌తో వీడియో తీసి నెమ్మదిగా తిప్పి చూపించింది. కుడికాలు ముందుకేసేటప్పుడు మా ఆవిడ మోకాలు బాగా పైకి లేపుతోంది, దమ్ము చేసిన చేలో నడిచేవాళ్లు కాలు లాగి ఎత్తినట్టు. పాదం వేలాడుతుంది కాబట్టి వేళ్లు నేలకి తగలకుండా ఒళ్లే అలా సర్దుకుంటుందట. పక్షవాతం వచ్చినవాళ్లు అలా ఎత్తరు, కాలు బిగుసుకుని పక్కనుంచి అర్ధచంద్రంలా తిప్పి వేస్తారని తను నడిచి చూపించింది. రెండు నడకలకీ తేడా చూశాక మా ఆవిడ మొహంలో నెలరోజుల భయం సగం దిగిపోయింది.

అప్పుడు అడిగింది చెప్పులు. తిరగేసి చూపించింది. మా ఆవిడ కొత్త జత కొని మూడు వారాలే. ఎడమది బాగానే ఉంది. కుడిదాని ముందంచు బొటనవేలి దగ్గర కోసేసినట్టు అరిగిపోయింది. నేనయితే ఆ నిమిషంలోనే సరైన చోటికి వచ్చామని నిశ్చయించుకున్నాను.

కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోమని వాచీ పట్టుకుని చూసింది. 17 సెకన్లు. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్కట. బాత్రూమ్‌లో రాత్రి లైటు వేసి ఉంచండి, గుమ్మం ముందు పట్టాలు తీసెయ్యండి అని అప్పుడే చెప్పింది.

ఇక బల్ల మీద. కీలు కొలవడానికి ప్లాస్టిక్‌ది ఒకటుంది, రెండు స్కేళ్లు మధ్యలో బిగించినట్టుంటుంది, గుండ్రంగా డిగ్రీలు. గోనియోమీటర్ అంటారు. తుంటి, మోకాలు, చీలమండ మూడూ రెండు కాళ్లకీ కొలిచింది. ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి. చీలమండని మేడమ్ చేత్తో పట్టుకుని పాదం పైకి వంచితే రెండు వైపులా సమానంగా వంగింది, మోకాలు మడిచి ఉంచినప్పుడు 15 డిగ్రీలు. అదే "మీరే ఎత్తండమ్మా" అంటే ఎడమది లేచింది, కుడిది మధ్యదాకా కూడా రాలేదు. "చూశారా బాబాయిగారూ, కీలు బాగుంది, ఎత్తే కండకి కబురందడం లేదు" అంది. నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. క్లచ్ బాగుండి కేబుల్ లాగకపోతే ఇలాగే ఉంటుంది. మోకాలు చాపి ఉంచి కొలిస్తే కుడి చీలమండ వంపు 8 డిగ్రీలే వచ్చింది, ఎడమది 12. పాదం వేలాడుతూ ఉండటంతో పిక్క అప్పుడే బిగుసుకుంటోందని, ఇంకో రెండు నెలలు ఇలాగే వదిలేస్తే నరం బాగుపడ్డా పాదం లేవదని హెచ్చరించింది. మేం పన్నెండు రోజులు నడుముకి కరెంటు పెట్టించుకున్నది ఆ బిగుసుకునే రోజుల్లోనే.

కండల బలానికి సున్నా నుంచి 5 దాకా మార్కులు. కదలికే లేకపోతే సున్నా, కండ చిన్నగా అదిరితే 1, పైకెత్తే బరువు లేకుండా పక్కకి పెట్టినప్పుడు కదిలించగలిగితే 2, కింద నుంచి పైకి ఎత్తగలిగితే 3, మనం అడ్డం పెట్టినా కొంత ఆపగలిగితే 4, పూర్తి బలం 5. మా ఆవిడ పాదం పైకెత్తడానికి 2, బొటనవేలు ఎత్తడానికి 1, పాదం బయటికి తిప్పడానికి 2.

ఇప్పుడు అసలు ప్రశ్న. నరం నొక్కుకున్నది నడుములోనా, కింద ఎక్కడైనానా? పాదం ఎత్తే కండకి వెళ్లే తీగ నడుములో ఎల్‌ఫైవ్ దగ్గర బయల్దేరి, తొడ వెనకాల నుంచి వచ్చి, మోకాలి బయటి వైపున చిన్న బుడిపెలా తగిలే ఎముక మెడ చుట్టూ తిరిగి కిందికి దిగుతుంది. దారిలో ఎక్కడ నొక్కినా పాదం పడిపోతుంది. ఎక్కడ నొక్కిందో పట్టుకోవడానికి మేడమ్ రెండు పరీక్షలు చేసింది. పాదాన్ని కిందికి వంచి ఉంచి లోపలికి తిప్పమంది, గట్టిగా తిప్పింది, 5 మార్కులు. పక్కకి పడుకోబెట్టి కాలు మొత్తం పైకెత్తమని తను కిందికి నొక్కింది, కాలు దిగలేదు, 5 మార్కులు. ఈ రెండు కండలకీ వెళ్లే తీగలు కూడా ఎల్‌ఫైవ్ నుంచే బయల్దేరతాయి, కానీ మోకాలి పక్క బుడిపె దారిన పోవు. నడుములోనే నొక్కితే ఇవీ బలహీనపడాలి. పడలేదు. కాలు చాపి పైకెత్తితే 75 డిగ్రీల దాకా నొప్పి లేదు. మోకాలి దగ్గర, మడమ వెనక సుత్తితో కొడితే రెండు వైపులా ఒకేలా ఎగిరాయి. అరికాలు గీరితే బొటనవేలు కిందికే ముడుచుకుంది, పైకి లేస్తే మెదడు వైపో వెన్నుపాము వైపో చూసుకోవాల్సి వచ్చేదట. ఈ పరీక్షలన్నిటికీ కలిపి కావలసిన సామాను ఒక సుత్తి, రెండు చేతులు, ఓపిక. అంతే.

స్పర్శ చూడటానికి సన్నటి నైలాన్ దారం. పది గ్రాముల బరువుకి వంగేలా చేసినది. కళ్లు మూయించి, తగిలినప్పుడల్లా చెప్పమంది. అరికాల్లో అన్నీ చెప్పింది. పాదం పైన, పిక్క బయటి వైపు కింది భాగంలో, బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులో మాత్రం చెప్పలేదు. పెన్నుతో ఆ మేరకి గీత గీసి ఫొటో తీసుకుంది. తర్వాత ఆ బుడిపె కింద వేలితో చిన్నగా తట్టింది. "అమ్మో, పాదంలోకి చీమలు పారినట్టుందండీ" అని అరిచింది మా ఆవిడ. అది టినెల్ గుర్తట, నరం దెబ్బతిన్న చోట తడితే అలా ఉంటుందట. ఫ్రాన్సు డాక్టర్ టినెల్ మొదటి ప్రపంచయుద్ధంలో గాయపడిన సైనికుల్లో దాన్ని గమనించి 1915లో రాశారని, నేను పేరు అడిగితే ఓపిగ్గా చెప్పింది.

మధ్యలో ఒకచోట మా ఆవిడ నొచ్చుకుంది, అదీ రాస్తాను. మేడమ్ మోకాలి పక్క నరంతో పాటు మోచేతి వెనక నరం కూడా లావెక్కిందేమోనని తడిమి, ఒంటి మీద స్పర్శ లేని మచ్చలేమైనా ఉన్నాయా అని అడిగింది. అది కుష్ఠు గురించి అడగడమేనని మా ఆవిడకి తెలుసు. మొహం ముడుచుకుంది. మేడమ్ చెయ్యి పట్టుకుని కూర్చుని చెప్పింది: "అమ్మా, ఆ జబ్బు నరాల మీదే పడుతుంది. పాదం పడిపోయినవాళ్లెవరొచ్చినా అడుగుతాను. తొందరగా పట్టుకుంటే మందులతో నయమవుతుంది, మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. అడక్కుండా వదిలేస్తే నేను తప్పు చేసినట్టు." నరాలు మామూలుగానే ఉన్నాయి, మచ్చల్లేవు. కానీ మొహమాటానికి ఆ ప్రశ్న మింగెయ్యనందుకు ఆవిడంటే నాకు గౌరవం పెరిగింది.

అంతా అయ్యాక మేడమ్ అడిగిన మాట నేను ఎప్పటికీ మర్చిపోను. "అమ్మా, మీరు లేసు అల్లుతారన్నారు కదా. ఇంట్లో ఎలా కూర్చుంటారో అలాగే కూర్చుని చూపించండి."

మా ఆవిడ సంచిలో దారం, సూది ఎప్పుడూ ఉంటాయి. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని అల్లడం మొదలుపెట్టింది. నాలుగు వరసలు అల్లేసరికి తనకి తెలియకుండానే కుడికాలు కిందికి వచ్చి, ఒళ్లు కుడివైపు ఒరిగింది. మేడమ్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని కుడి మోకాలి కిందికి వేలు దూర్చింది. వేలు ఇరుక్కుంది. "బాబాయిగారూ, మీరూ పెట్టి చూడండి" అంది. పెట్టాను. సరిగ్గా ఆ ఎముక బుడిపె, దాని కింద గచ్చు, మధ్యలో నా వేలు. పది సెకన్లకే వేలు నొప్పి పుట్టింది.

టైఫాయిడ్ తగ్గాక మా ఆవిడ ఒప్పుకున్న ఆర్డరు క్రిస్మస్ లోపల విదేశాలకి వెళ్లాల్సింది. రోజుకి తొమ్మిది గంటలు అలాగే కూర్చుంది. ఆ బుడిపె దగ్గర నరానికి పైన చర్మం, కాస్త కొవ్వు తప్ప వేరే రక్షణ లేదట. తొమ్మిది కేజీలు తగ్గడంతో ఆ కొవ్వూ పోయింది. అందుకే బరువు మాట కింద గీత. బాసింపట్టు వేసుకుని గంటలు గంటలు కూర్చున్నా, కలుపు తీస్తూ గొంతుకు కూర్చున్నా ఆ నరం ఇలా నలగొచ్చు. మా పేటలో లేసు అల్లే ఆడవాళ్లు వందల్లో ఉన్నారు. పదేళ్ల వయసు నుంచి కూర్చున్నవాళ్లు. ఈ రివ్యూ ఇంత పొడుగు రాయడానికి అసలు కారణం వాళ్లే. కాలు తిమ్మిరెక్కితే దులిపేసుకుని మళ్లీ కూర్చోకండమ్మా. లేచి నాలుగడుగులు వెయ్యండి, కుర్చీలో కూర్చుని అల్లుకోండి.

ఆ రోజు మేడమ్ నరం బాగైపోతుందని మాటివ్వలేదు. భీమవరంలో నరాల డాక్టరుకి ఉత్తరం రాసిచ్చింది, చూసినవన్నీ ఒక పేజీలో. నరాల్లో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో కొలిచే పరీక్ష అక్కడ చేశారు. మోకాలి పక్క బుడిపె దగ్గరే సిగ్నల్ పడిపోతోందని వచ్చింది. తీగ తెగలేదు, పైపొర దెబ్బతింది, కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో కోలుకోవచ్చన్నారు ఆ డాక్టరు. లోపలి తీగే దెబ్బతింటే నరం రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతూ రావాలట, అంటే చాలా ఎక్కువ కాలం. రక్తపరీక్షలో షుగర్ లేదని తేలింది.

వైద్యం గురించి పెద్దగా రాయాల్సింది లేదు, ఎందుకంటే కారణం తెలిశాక అది సూటిగానే ఉంది. బాసింపట్టు, గొంతుకు కూర్చోవడం, కాలు మీద కాలు వేసుకోవడం బంద్. పాదం వేలాడకుండా చెప్పులో పెట్టుకునే ప్లాస్టిక్ పట్టీ, ఏఎఫ్ఓ అంటారు. పిక్క సాగదీసే వ్యాయామం, పాదం ఎత్తే సాధన, నడక. కండ నీరసించకుండా కొన్నాళ్లు కరెంటు కూడా పెట్టారు, అయితే నడుముకి కాదు, పాదం ఎత్తే కండకి. కరెంటు పెట్టడమే తప్పని నేననను. ఎక్కడ పెడుతున్నారో, ఎందుకు పెడుతున్నారో తెలియాలి. వారానికి మూడు రోజులు వెళ్లాం, మిగతా రోజులు ఇంట్లో. రెండు వారాలకోసారి మళ్లీ అన్నీ కొలిచి పాత కాగితం పక్కన పెట్టి చూపించేవారు. జనవరి మొదట్లో పాదం ఎత్తడానికి 2 కాస్తా 3 అయినరోజు మా ఆవిడ ఆ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని ఇంటికి తెచ్చి దేవుడి దగ్గర పెట్టింది.

అంతర్వేది కల్యాణానికి వెళ్తానంటే మేడమ్ ఒప్పుకోలేదు, ఆ జనంలో తోపులాటలో వద్దంది. తీర్థం అయిపోయిన వారానికి వెళ్లాం. గోదావరి దాటించే పంటు ఎక్కేటప్పుడు రేవులో ఆ ఇనప పలక ఏటవాలుగా ఉంటుంది కదా, నేను చెయ్యిచ్చాను. పట్టుకోకుండా ఎక్కింది. ఫిబ్రవరి చివర కొలిస్తే పాదం ఎత్తడానికి 4, మూడు మీటర్ల నడక 10 సెకన్లు. బొటనవేలు ఇంకా 3 దగ్గరే ఉంది. వేళ్ల సందులో మొద్దుతనం పూర్తిగా పోలేదు.

ఇక లోపాలు. సెంటర్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. 19 మెట్లు, ఒక పక్కనే రెయిలింగ్. నడవలేనివాళ్లు వచ్చే చోటు అలా ఉండటం నాకు ససేమిరా నచ్చలేదు, మేడమ్‌కి మొహం మీదే చెప్పాను. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన్ని ఇద్దరు కొడుకులు కుర్చీలో మోసుకుని ఎక్కడం కళ్లారా చూశాను. రెండో పక్క కూడా రెయిలింగ్ పెట్టించమని ఇంటి యజమానిని అడుగుతామన్నారు, మార్చి దాకా పెట్టలేదు. సాయంత్రం 5 తర్వాత వెళ్తే గంటన్నర కూర్చోవాలి, పొద్దున 9 లోపల వెళ్తే నయం. బాత్రూమ్‌లో కింద కూర్చునేదే ఉంది, కుర్చీలాంటిది లేదు. గొంతుకు కూర్చోవద్దని చెప్పే చోట ఇది కూడా సరిచేసుకోవాలి. మొదటి పరీక్షకి 500, తర్వాత రోజుకి 300 తీసుకున్నారు. రసీదు అడిగితేనే ఇస్తారు, అడిగి తీసుకోండి.

నరసాపురం నుంచి వచ్చేవాళ్లు పాలకొల్లు బస్సెక్కితే చాలు, బస్టాండు నుంచి ఆటోలో అయిదు నిమిషాలు. మొదటిరోజు పాత చెప్పులే వేసుకెళ్లండి, కడగకుండా. చేసే పని ఏదైనా సరే, లేసు, చేపల వల, కొబ్బరి పీచు, ఆ పనిముట్టు కూడా సంచిలో పెట్టుకుని వెళ్లండి.